అప్పన్న గోళ్ళు

ఆ ఏడు చెరుకు కోత మొదలైన వారానికే మా తమ్ముడు అప్పన్న మీసం ఒక పక్క ఖాళీ అయింది. రెండో పక్క మాత్రం దర్జాగా అలాగే ఉంది. పొద్దున్నే రొట్టెలు కాలుస్తూ వాడి మొహం చూసేసరికి నాకు నవ్వాగలేదు. ఎవరితో పందెం కాసి ఓడిపోయావురా అని అడిగాను. వాడు నవ్వలేదు. తలపాగా విప్పి నా ముందు కూర్చున్నాడు. నడినెత్తిన ఒకచోట, చెవి వెనక ఒకచోట బిళ్ళంత మేర నున్నగా మెరుస్తోంది. అక్కడ ఎప్పుడైనా జుట్టు ఉండేదంటే నమ్మడం కష్టం.

ఇది మాకు తెలియని జబ్బేం కాదు. మా వైపు పేనుకొరుకుడు అంటారు. పేను కొరికిన చోట జుట్టు ఊడిపోతుందని చెప్పుకుంటారు గాని, ఏ పేనూ అంత నీటుగా కొరకలేదని నా అభిప్రాయం. ఊళ్ళో ఒకరిద్దరికి వచ్చి, వచ్చినట్టే పోవడం చూశాను కాబట్టి జుట్టు గురించి పెద్దగా బెంగపడలేదు. నన్ను హడలగొట్టింది గోళ్ళు. రొట్టె అందుకోవడానికి వాడు చెయ్యి చాపినప్పుడు చూశాను. ప్రతి గోరు మీదా సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు. కొన్ని గరుకెక్కిపోయి, కొసలు పొరలు పొరలుగా లేస్తున్నాయి.

మేం అప్పుడు లౌతోకా పక్కన లోవులో కూలి లైన్లలో ఉండేవాళ్ళం. నా మొగుడు పోయాక తమ్ముడూ నేనూ కలిసే ఓడెక్కి సముద్రం అవతలి ఈ చెరుకు దీవులకి వచ్చాం, కలిసే గిర్మిట్ కింద, అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం కింద, పనిలో చేరాం. ఆ కోతతో మా గిర్మిట్ తీరిపోతుంది. తీరగానే అప్పన్నకి పెళ్ళి. పిల్ల నవాకాలో ఉండే మునియ్య కూతురు రాజ్‌కుమారి. లైన్లలో మగాళ్ళు కుప్పలు, ఆడవాళ్ళు అరుదు. అలాంటి చోట కూతురున్న తండ్రి జమీందారు కింద లెక్క. పైగా మునియ్య తన గిర్మిట్ ఎప్పుడో ముగించుకొని, భూమి కౌలుకి తీసుకొని సొంతంగా చెరుకు వేసుకుంటున్నవాడు. మా కూలి గుంపుని నడిపే సర్దారు తమ్ముడు లచ్మన్ ఆ పిల్ల కోసం ఒక ఆవుని తోలుకెళ్ళాడట. మునియ్య ఆవుని బాగా మెచ్చుకొని వెనక్కి పంపేశాడు. అల్లుడితో తెలుగులో పోట్లాడుకోవాలని ఆయన కోరిక. తెలుగొచ్చిన పెళ్ళికాని వాళ్ళలో మావాడే కాస్త నిటారుగా ఉన్నాడు.

ఇప్పుడా గోళ్ళు ఎవరి కంట పడినా అనే మాట ఒకటే, పెద్దరోగం. ఆ మాట పుట్టిందంటే పెళ్ళి సంగతి దేవుడెరుగు, మనిషిని పడవెక్కించి రోగుల దీవికి పంపేస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన కబురు మేం విన్లేదు. అందుకే ఎస్టేటు ఆసుపత్రి వైపు వాణ్ణి అడుగు పెట్టనివ్వలేదు. పెద్దరోగమైతే స్పర్శ ఉండదని మాత్రం నాకు తెలుసు. వాడు తలొంచుకొని రొట్టె తింటుంటే ఒక నిమ్మముల్లు తీసుకొని వేలికొసలో గుచ్చాను. వాడు పెట్టిన కేకకి పక్క గదిలోంచి చంద్రవతి చెంబు పట్టుకొని పరిగెత్తుకొచ్చింది. నాకా కేక ఎంత వినసొంపుగా ఉందో చెప్పలేను. రూఢి చేసుకుందామని ఇంకో వేలికీ గుచ్చాను.

"నీకేటి పిచ్చెక్కిందా అప్పా" అని వాడు చేతులు రెండూ చంకలో దాచుకున్నాడు.

లైన్లో గదికీ గదికీ మధ్య గోడలు పైకప్పు దాకా ఉండవు. పక్కింట్లో తాలింపు వేస్తే మనకి తుమ్మొస్తుంది. కాబట్టి చంద్రవతి దగ్గరా, ఆమె మొగుడు రామ్ లాల్ దగ్గరా దాచేదేమీ లేకపోయింది. వాళ్ళు ఫైజాబాదు వైపు మంగలివాళ్ళు. వారమంతా మాతోపాటు చెరుకు నరికి, ఆదివారం రామ్ లాల్ గడ్డాలు గీసేవాడు, చంద్రవతి ఆడవాళ్ళకి కాళ్ళకి రంగు పెట్టేది. నాలుగు ఊళ్ళ మధ్య పెళ్ళి కబుర్లు మోసేదీ ఆయనే. అప్పన్నని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు, తలా మీసం కలిపి గొరిగేస్తే ఎక్కడ ఊడిందో ఎవడికి తెలుస్తుంది అన్నాడు. నాకూ నచ్చింది. ఎవరైనా అడిగితే సింహాచలం అప్పన్నకి మొక్కు అని చెబుదామనుకున్నాం.

మర్నాడు సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు హిందుస్తానీ ఆడవాళ్ళు కొంగులు ముఖం మీదికి లాక్కొని వరసగా కూర్చున్నారు. ఒకామె పిండి తెచ్చింది, ఇంకొకామె పప్పు తెచ్చింది. వాళ్ళలో మగాడు తలా మీసం కలిపి తీయించుకుంటే తండ్రి పోయాడనే అర్థమట. ఇది మొక్కు అని చెప్పబోయాను. అప్పట్లో నా హిందీ సర్దారుని తిట్టడానికే సరిపోయేది. దుఃఖంలో ఏదో అంటోందిలే అనుకొని ఒక ముసలావిడ నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. మా నాన్న బతికే ఉన్నాడమ్మా అందామని నోరు తెరిచాను.  ఓడెక్కాక ఆయన ఉన్నాడో పోయాడో ఒక్క కబురూ లేదు నాకు. ఆవిడ ఒళ్ళో నిజంగానే ఏడ్చాను, చాలాసేపు ఏడ్చాను. లేచాక గుండె తేలికపడింది. ఆ వారం మాకు పప్పుకి లోటు లేదు.

తల గొరిగించాం గాని గోళ్ళు గొరిగించలేం కదా. ఆ సంగతి రామ్ లాల్ ఒప్పుకోలేదు. గాజుపెంకుతో గీకితే అద్దంలా వస్తాయని ఒక వేలి మీద పని మొదలుపెట్టాడు. గుంటలు పోయేలోపల గోరే పోయింది. పల్చబడి, నిలువునా చీలి నెత్తురొచ్చింది. మర్నాడు అప్పన్న చెరుకు కత్తి పట్టుకోలేక పళ్ళు బిగించుకొని పనిచేశాడు. ఒకరు నిమ్మరసం పోయమన్నారు, ఒకరు పసుపూ సున్నం కట్టమన్నారు, ఇంకొకాయన చెప్పిన వైద్యం భోజనం చేసేవాళ్ళ ముందు చెప్పేది కాదు. మా ఊళ్ళో పేనుకొరుకుడికి గురివింద గింజ అరగదీసి రాస్తారు. గురివింద తీగలు ఇక్కడా కంచెల మీద బోలెడన్ని. తల మీద రాసి చూశాను. వాడు మంటెత్తి వాగులో తల ముంచుకొని కూర్చున్నాడు.

దాంతో ఊరందరి వైద్యాలకీ ఒక దణ్ణం పెట్టి, నాకు తోచింది నేను చేశాను. గోళ్ళు దేనికీ తగులుకోకుండా పొట్టిగా కత్తిరించేదాన్ని. సాయంత్రం స్నానం చేశాక కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి ఒక్కొక్క గోటికీ, గోటి మొదట్లో చర్మానికీ పట్టించేదాన్ని. పొలానికి పోయేటప్పుడు పాత చీర చింపి వేలివేలికీ పేలికలు చుట్టేదాన్ని. అదే వైద్యమని నేననను. ఉన్న గోరు చీలకుండా కాపాడుకుంటే ఆ పైన దేవుడి ఇష్టం అనుకున్నానంతే. చేతులకి అన్ని పేలికలేమిటని పని చూసే తెల్లదొర, మా కుళంబరు, గుర్రం మీంచి అడిగాడు. వీడికి పెళ్ళండీ, చేతులు మెత్తగా ఉంచుకుంటున్నాడు అని సర్దారు జవాబిచ్చాడు. ఆ రోజు నుంచి గుంపంతా వాణ్ణి దుల్హన్, అంటే పెళ్ళికూతురు, అని పిలవడం మొదలుపెట్టింది. మొదట్లో మూతి ముడుచుకున్నాడు గాని, తర్వాత్తర్వాత ఎవరైనా దుల్హన్ అని పిలిస్తే తలపాగా కొస ముఖం మీదికి లాక్కొని సిగ్గుపడేవాడు. అది చూడ్డానికి పక్క గుంపు వాళ్ళు కూడా పని ఆపేవాళ్ళు.

ఆషాఢం వచ్చింది. ఆదివారం వస్తున్నాను, ముహూర్తం మాట్లాడుకుందాం అని మునియ్య కబురంపాడు.  గోళ్ళు అలాగే ఉన్నాయి. అప్పుడు చంద్రవతి గోరింటాకు మాట ఎత్తింది. లైను చివర, బట్టలుతికిన నీళ్ళు పారే చోట ఆమె నాటిన మొక్క ఏపుగా ఎదిగి ఉంది. వాళ్ళ వైపు పెళ్ళికొడుక్కి కూడా పెడతారట. ఎర్రగా పండితే ఇంక గుంటలెవరికి కనిపిస్తాయి అంది. మా మగాళ్ళు పెట్టుకోరు, అయినా సముద్రం దాటాక ఎన్ని మారలేదు అనుకొని శనివారం సాయంత్రం ముద్దగా నూరి వాడి గోళ్ళ మీద దట్టంగా పెట్టాం. దుల్హన్ బుద్ధిగా చేతులు చాపి కూర్చున్నాడు.

పొద్దున్నే కడిగి చూశాను. గోరంతా నారింజ రంగు. గుంటల్లో మాత్రం ఆకు పేరుకొని, ప్రతి గుంటా చీమ తలకాయలా నల్లగా పండింది. అంతవరకూ దగ్గరికొచ్చి చూస్తేగాని తెలియని గుంటలు ఇప్పుడు దారిన పోయేవాడికి కూడా కనిపిస్తాయి. సబ్బు పెట్టి రుద్దాను, బూడిద పెట్టి తోమాను. చర్మం మీదిదైతే పోతుంది గాని గోటికి పట్టిన గోరింటాకు గోరు పెరిగి కత్తిరించేదాకా పోదని ఆడపుట్టుక పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. తెలిసీ చేశాను. చంద్రవతి తల కొట్టుకుంది, నేను నా తల కొట్టుకున్నాను.

మధ్యాహ్నానికి మునియ్య వచ్చాడు. అతిథి ఎవరొచ్చినా యంగోనా వేరు దంచి నీళ్ళలో కలపడం మా మగాళ్ళు అప్పటికే ఈ దీవుల్లో తరతరాలుగా ఉండే కాయివీటీల దగ్గర నేర్చేసుకున్నారు. కొబ్బరి చిప్పలో ముంచి అందిస్తే, అందుకునేవాడు దోసిలి పట్టి ఒకసారి చప్పట్లు కొట్టాలి, రెండు చేతులా పుచ్చుకొని ఒక్క గుక్కలో తాగేయాలి. వద్దనడం అవమానం. అప్పన్న చేతులు పంచె మడతలో దాచుకొని కూర్చున్నాడు. చిప్ప వాడి వంతుకి వచ్చింది. ఇంక తప్పలేదు. చప్పట్లు కొట్టి, అందుకొని తాగాడు. మునియ్య చూపు వాడి వేళ్ళ మీద నిలిచిపోయింది. ఆయన ముఖం మారింది.

 ఆయన తన వంతు చిప్ప తాగి, పైపంచె దులుపుకొని లేచాడు. "కోత అయ్యేదాకా ముహూర్తం మాట ఎత్తకు పైడమ్మా" అన్నాడు. దాస్తేనే తప్పు ఉన్నట్టు కదా, దాచబోయి నేనే చెడగొట్టానని నాకు అర్థమైంది. కొన్నాళ్ళకి లచ్మన్ ఆవు మళ్ళీ నవాకా దారి పట్టిందని రామ్ లాల్ చెప్పాడు.

అప్పన్న ఆ పిల్లని చూసింది ఒక్కసారే, సంబంధం మాట్లాడ్డానికి వెళ్ళినప్పుడు. అప్పట్నుంచి వాడు చెరుకు మోపు కూడా నెమ్మదిగా కిందికి దించేవాడు. అలాంటివాడు ఆ సాయంత్రం నూనె గిన్నె పక్కకి నెట్టేశాడు.

"ఒగ్గేద్దాం అప్పా. నిజంగా ఆ రోగమే అయితే ఆ పిల్ల బతుకేటి కావాల?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ముల్లు గుచ్చితే లోవు అంతా అదిరేలా అరిచినవాడివి, నీకు రోగమేమిట్రా అని తిట్టి, చెయ్యి లాక్కొని నూనె రాశాను. తిట్టానే గాని, ఆ వేళ నాకూ ధైర్యం లేదు. వీణ్ణి కూడా పడవెక్కిస్తే ఈ దేశంలో నాకు ఇంకెవరూ లేరు.

కోత సాగుతూనే ఉంది. నేను రోజూ ఆ నల్ల చుక్కల్ని శాపనార్థాలు పెడుతూ నూనె రాస్తూనే ఉన్నాను. ఆశ్వయుజం వచ్చేసరికి ఒక రోజు వేలు వెలుగులోకి పట్టుకున్నాను. గోటి మొదట్లో కొత్తగా వచ్చిన భాగం తెల్లగా, నున్నగా ఉంది. చుక్కల గోరింటాకు సగం పైకి జరిగింది. దాని కింద ఒక్క గుంట లేదు. ఇంకో వేలు చూశాను, ఇంకోటి చూశాను. నెత్తి మీద కూడా దూదిలాంటి తెల్లటి నూగు వస్తోంది. వచ్చిన ఆదివారం వాణ్ణి చెరుకు రైలెక్కించి నవాకా తీసుకెళ్ళాను.

మునియ్య వాకిట్లో కత్తి నూరుకుంటున్నాడు. కూర్చోమనలేదు. నేను వాడి చేతులు పట్టి ఆయన ముందు పెట్టి, కింద సగం ఎలా ఉందో చూడమన్నాను. ఆయన నూరడం ఆపలేదు.

"అప్పుడు గోరింటాకుతో కప్పినావు. ఇప్పుడు గాజుపెంకుతో గీకించినావేమో, నాకేటి తెలుసు? రామ్ లాల్ అన్నీ సెప్పినాడు."

రామ్ లాల్ కబుర్లు మోసేవాడని ముందే చెప్పాను కదా.  అబద్ధమాడే మనిషినని ఆయనకి నేనే నేర్పాను.

అప్పుడు రాజ్‌కుమారి మంచినీళ్ళు తెచ్చింది. పెళ్ళికూతురు తలుపు చాటున ఉండాలని నేర్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు, తల్లి లేని పిల్ల. అప్పన్న చెంబు అందుకోబోతే ఆమె ఇవ్వలేదు. వాడి వేళ్ళకేసి చూస్తూ నిలబడింది. తర్వాత చెంబు కింద పెట్టి, వాడి చేతి పక్కన తన చెయ్యి ఆనించి పెట్టింది. ఆమె గోళ్ళకి కూడా గోరింటాకే. సగం పైకి జరిగిపోయి, కింద కొత్త గోరు తెల్లగా ఉంది. రెండు చేతుల మీదా ఆ ఎర్రటి గీత సరిగ్గా ఒకే ఎత్తులో ఉంది.

"నాన్నా, ఇటు సూడు. ఆషాఢంలో నువ్వు ఈళ్ళింటికి ఎల్లిన వారమే రామ్ లాల్ కాకా తెచ్చిన ఆకు నేనూ పెట్టుకున్నా. నాదెంత పెరిగిందో ఈయనదీ అంతే పెరిగింది. గీకితే పైన ఎరుపు కూడా పోవాల కదా. కింద వచ్చింది కొత్త గోరే."

మునియ్య కత్తి పక్కన పెట్టాడు. మా ఇద్దరి వంకా చూడకుండా ఆ రెండు చేతుల్నే చాలాసేపు చూశాడు. అప్పన్న గోటి మీద బొటనవేలితో రుద్దాడు, నొక్కాడు. వాడు నొప్పికి చెయ్యి లాక్కుంటే వదిలేశాడు. ఓడలో తన పక్కన కూర్చున్న ఒకతనికి పెద్దరోగం ఉండేదని, అతని వేళ్ళు ఇలా ఉండేవి కావని తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, అంత దూరం వచ్చారు, అన్నం తినకుండా ఎలా వెళ్తారు అన్నాడు. రాజ్‌కుమారి అప్పటికే పొయ్యి రాజేస్తోంది.

తిరుగు రైల్లో అప్పన్న తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకొని ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఆనిన వైపు చేతికి సాయంత్రం నూనె రాయొద్దన్నాడు. రాశాను.

కోత ముగిసింది, మిల్లు కూత ఆగింది, మా గిర్మిట్ తీరింది. పెళ్ళి లోవులోనే చేశాం. రెండు వైపులా చుట్టాలు కరువు కాబట్టి పెళ్ళికొడుకుని చేయడం, పెళ్ళికూతుర్ని చేయడం ఒకే పందిట్లో కానిచ్చాం. పెళ్ళికి ముందు మంగలి చేత గోళ్ళు తీయించడం మా ఆచారం. హిందుస్తానీ వాళ్ళకీ ఉందట, అది చేసే హక్కు తనదని చంద్రవతి పీట వేసుకొని కూర్చుంది. లైను లైనంతా వచ్చింది. తండ్రి పోయాడని నన్ను ఒళ్ళోకి తీసుకున్న ముసలావిడ కూడా ముందు వరసలో ఉంది. మంత్రాలకి ఒక హిందుస్తానీ పండితుణ్ణి తెచ్చుకున్నాం.

చంద్రవతి చెయ్యి చాపమంది. అప్పన్న చాపలేదు. కోతకాలమంతా జనం కంట పడకుండా దాచిన చేతులు. అంతమంది ముందు వాడికి ఎలాగో అయిపోయింది. మీసం మళ్ళీ మొలిచింది, తల మీద నల్లగా జుట్టొచ్చింది, గోళ్ళ కొసల్లో పిసరంత ఎరుపు తప్ప ఇంకేం మిగల్లేదు, అయినా వాడు చేతులు పంచె మడతలోకి దోపుకొని నేలచూపులు చూస్తున్నాడు. చంద్రవతి రెండోసారి అడిగింది. జనం గుసగుసలు మొదలుపెట్టారు. నేను లేవబోయాను.

అంతలో పక్క పీట మీద తలొంచుకొని కూర్చున్న రాజ్‌కుమారి తల ఎత్తకుండానే చెయ్యి చాపి, ఆ పంచె మడతలోంచి వాడి చెయ్యి బయటికి లాగింది. లాగి, అందరికీ కనిపించేలా తన చేతిలో పెట్టుకొని చంద్రవతి ముందుకి జరిపింది. పందిరంతా ఘొల్లున నవ్వింది. మునియ్య నవ్వాడు, నవ్వుతూనే తలపాగా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. చెయ్యి పట్టుకునే మంత్రం ఇంకా రాలేదు బేటీ, వదిలిపెట్టు అని పండితుడు మందలించాడు.

"మంత్రం వచ్చేదాకా నువ్వు సదువుకో మహరాజ్" అంది మా మరదలు.

మంత్రం వచ్చేసరికి చాలాసేపైంది. ఆమె ఆ చెయ్యి వదల్లేదు.